గుత్తి దీపం కింద ఖాళీ కుర్చీ

"దించెయ్యండి. ఇప్పుడే, ఈ క్షణమే దించెయ్యండి."

కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది. చెయ్యి భోజనాల బల్ల మీద వేలాడుతున్న గుత్తి దీపాన్ని చూపిస్తోంది. చూపు మాత్రం వంటింటి గుమ్మం మీద ఉంది. అత్తగారు ఆ పూట కూడా తన పళ్ళెం పట్టుకుని ఆ గుమ్మంలోంచే లోపలికి వెళ్ళిపోయారు.

"తింటున్నాం కదా. తిన్నాక మాట్లాడుకుందాం," అన్నాడు భర్త.

అతను నీళ్ళ సరఫరా ఆఫీసులో ఇంజనీరు. ఊళ్ళో ఎక్కడ పైపు పగిలినా పరుగెత్తి వెళ్ళి అతికించి వస్తాడు. ఇంట్లో ఏది పగిలినా 'సర్దుకుపోదాం' అంటాడు. పెళ్ళయిన కొత్తలోనే భార్య అతనికి సర్దుబాటు అని పేరు పెట్టింది. పేరు అతికినట్టు సరిపోయింది.

"ఇంకెన్నాళ్ళు సర్దుకుపోవాలి? ఆ దీపం పైకెక్కిన రోజు నుంచీ మీ అమ్మగారు ఈ బల్ల దగ్గర కూర్చోలేదు. నేను ముచ్చటపడి తెచ్చిన వస్తువు కింద ఆవిడకి ముద్ద దిగదన్నమాట. నచ్చలేదని నోటితో ఒక్క మాట అంటే పోయేది. పొమ్మనలేక పొగబెట్టినట్టు ఇదేం పద్ధతి?"

"అమ్మ అలాంటిది కాదు."

"అయితే ఎందుకు లేచి వెళ్తున్నారో అడగండి."

"అడిగాను. వంటింట్లో చల్లగా ఉందిట."

"పొయ్యి పక్కన చల్లగా ఉందా?"

సర్దుబాటు అడకత్తెరలో పోకచెక్కలా ఇటు భార్యనీ అటు గుమ్మాన్నీ చూస్తూ రొట్టె నమిలాడు.

బల్లకి ఆ కొసన మామగారు గొంతు సవరించుకున్నారు. ఆయన ముప్పాతిక జీవితం నాటకాల కంపెనీలో లైట్లు వేశారు. ఏడ్చే మనిషి ముఖం మీద ఎంత వెలుతురు పడాలి, అబద్ధమాడే మనిషి ముఖం మీద ఎంత పడాలి అన్నది ఆయనకి కొట్టిన పిండి. ఊరంతా ఆయన్ని లైట్ల మాస్టారు అంటారు. అలాంటి మనిషి సొంత ఇంట్లోకి, ఆయన్ని ఒక్క మాట అడగకుండా లైటు వచ్చింది.

"నేను మొదటిరోజే చెప్పాను, ఈ ద్రాక్షగుత్తి మన బల్లకి నప్పదని. కళ్ళల్లో పొడుచుకుంటోంది. చంద్రుడికి గుడి కట్టినట్టు ఒక్కో బల్బు చుట్టూ వలయంలా గుడి కట్టేసింది. అదీ ఒక లైటేనా?"

కోడలు తలెత్తి చూసింది. బల్బులు బల్బుల్లాగే ఉన్నాయి. గాజు పూసలు తళతళలాడుతున్నాయి. ఏ గుడీ లేదు, గోపురమూ లేదు. మాస్టారు గారికి ఉన్నది కడుపుమంట అనుకుంది. పైకి అనలేదు.

వంటింట్లో ఏదో మూత కింద పడి గిర్రున తిరిగిన చప్పుడైంది.

"ఏం పడింది అత్తయ్యా?"

"ఏం లేదు. మీరు తినండి," అని లోపల్నుంచి వినిపించింది. ఆ గొంతులో కోపం లేదు. కోపం లేకపోవడమే కోడలికి మరింత కోపం తెప్పించింది.

నిజానికి ఆ దీపం కోసం ఆమె పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం. కొలతలంటే ప్రాణం. దీపం వెడల్పు బల్ల వెడల్పులో సగానికి కాస్త మించాలి, లేచేటప్పుడు తలకి తగలకూడదు, ఎదుటివాళ్ళ ముఖం కనబడకుండా అడ్డం రాకూడదు. అన్నీ టేపు పెట్టి చూసుకుంది. దుకాణం తర్వాత దుకాణం తిరిగింది. ఇత్తడిది చూసింది, వెదురుది చూసింది, చివరికి ఈ గాజు గుత్తి దగ్గర ఆగిపోయింది.

పుట్టింట్లో ఎవరి పళ్ళెం వాళ్ళది, ఎవరి వేళ వాళ్ళది. నిలబడి తినేవాళ్ళు నిలబడి తినేవారు. ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజు అత్తగారు ఒకే ఒక్క నియమం చెప్పారు. "పొద్దున్న ఎవరి దారి వాళ్ళది. రాత్రి భోజనం మాత్రం అందరం ఒకే బల్ల దగ్గర. జ్వరమొచ్చినా సరే, వచ్చి కూర్చోవాలి." ఆ మాట కోడలికి ప్రేమించి పెళ్ళాడిన మొగుడికన్నా నచ్చింది. ఆ బల్లకి ఆమె పెట్టుకున్న నగ ఈ గుత్తి దీపం. తీరా చూస్తే నియమం పెట్టిన మనిషే బల్ల వదిలి వెళ్ళిపోయింది.

ఇక ఈ ఇంట్లో కూడా ఎవరి పళ్ళెం వాళ్ళదేనా? అదీ ఆమె భయం. దాన్ని కోపంగా మార్చుకుని తిరుగుతోంది.

* * *

మర్నాడు సెలవు. తెల్లారేసరికి గుత్తి దీపం అట్టపెట్టెలోకి, పెట్టె వరండాలోకి చేరాయి. దుకాణంవాళ్ళు ఎల్లుండి వచ్చి వెనక్కి తీసుకుంటామన్నారు. భోజనాల గదిలో పైకప్పుకి ఒక ఇనప కొక్కెం, రెండు వైర్లు మిగిలాయి.

అత్తగారు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగారు. "ఎందుకమ్మాయ్, బాగానే ఉందిగా?" అన్నారు.

"బాగుంటే మీరు దాని కిందకి వచ్చేవారు అత్తయ్యా."

ఆవిడ ఏదో అనబోయి ఆగి, చేతులు పైటకొంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. పేరుపొందిన నర్సు ఆవిడ. ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆవిడదే. సూది గుచ్చిన సంగతి పిల్లలకి తెలిసేలోపే అయిపోయేదట. ఉద్యోగం మానేసినా వీధి వీధంతా ఇప్పటికీ సిస్టరమ్మా అనే పిలుస్తుంది.

లైట్ల మాస్టారికి మాత్రం పంట పండిన రోజు. అటక మీంచి పాత రేకు టోపీ ఒకటి, కప్పీ ఒకటి, నూలు తాడు ఒకటి దింపించారు. కప్పీలోంచి తాడు దూర్చబోయి, ఒకటికి రెండుసార్లు తప్పి, "ఇదిగో అబ్బాయ్, నువ్వు దూర్చు. నీకూ రావాలిగా," అని కొడుక్కి ఇచ్చారు. కప్పీని కొక్కేనికి తగిలించారు. రేకు టోపీలో ఒకే బల్బు. తాడు రెండో కొసని ఆయన కుర్చీ వెనక గోడకున్న మేకుకి చుట్టారు. లాగితే దీపం పైకి పోతుంది, వదిలితే కిందికి వస్తుంది.

"లైటు కొనడం కాదమ్మా ముఖ్యం. ఎంత ఎత్తులో ఆపాలో తెలియాలి. అందరూ వచ్చి కూర్చోండి," అన్నారు.

"కుర్చీలున్నాయి కదా మామయ్యా, వాటిని బట్టి పెట్టెయ్యండి."

"ఖాళీ కుర్చీలకి లైటు పెట్టడం నాకు చేతకాదు. మనిషి కూర్చోవాలి. మీ అత్తయ్యని పిలు."

"మీరే పిలవండి. నేను పిలిస్తే రారు."

మాస్టారు వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు. "ఏమోయ్, ఒక్క నిమిషం వచ్చి కూర్చో. తినొద్దు. ఊరికే కూర్చో."

"నాకు పనుంది."

"నా జీవితమంతా ఊరివాళ్ళ పెళ్ళాల మీద లైట్లు వేశాను. ఒక్కసారి నా పెళ్ళాం మీద వేసుకుంటానంటే పనుందంటావా?"

లోపల నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళకో వినిపించిన నవ్వు. సిస్టరమ్మ వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

మాస్టారు తాడు వదులుతూ దీపాన్ని మెల్లగా దించారు. అరచెయ్యి వెలుతురు కింద పెట్టి, వేడి చూసినట్టు చూశారు. "వెలుతురు సరాసరి ముఖం మీద పడకూడదు. ముందు బల్ల మీద పడాలి. అక్కణ్ణుంచి లేచి ముఖాన్ని తాకాలి. అప్పుడు మనిషి మనిషిలా ఉంటుంది. ఏదీ, చేతులు బల్ల మీద పెట్టు."

"ఎందుకూ?"

"తినేది చేత్తోనేగా. నీడ ఎటు పడుతుందో చూడాలి."

"నీడలతో నాకేం పని? అయిందా, లేవనా?"

"అత్తయ్యా," అంది కోడలు. వేడి వేడి సూపు గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. పంతం కొద్దీ తెచ్చింది. "ఒక్క చెంచా తాగండి. ఈ లైటు నేను తెచ్చింది కాదు. మామయ్య పెట్టింది. దీని కింద కూడా తాగకపోతే అప్పుడు లైటు మీద కోపం కాదనుకుంటాను. నా మీదే అనుకుంటాను."

సిస్టరమ్మ కోడలి ముఖంలోకి చూశారు. ఒళ్ళోంచి కుడిచెయ్యి తీసి చెంచా పట్టుకున్నారు.

చెంచా సూపులో మునిగింది. పైకి లేచింది. లేచిన దగ్గర్నుంచీ వణకడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చేసరికి సూపు సగం బల్ల మీద ఉంది. మిగతా సగాన్ని గిన్నెలోకి దించబోతే చెంచా అంచుకి తగిలి టకటకమని కొట్టుకుంది. ఆ చప్పుడు విని మాస్టారి చేతిలో తాడు ఆగింది.



"చూశారుగా," అన్నారు సిస్టరమ్మ. "ఇంతే సంగతి. అమ్మాయి లైటుకి ముందున్న పాతది గుడ్డిది. దాని కింద ఎవరికీ కనబడలేదు. అమ్మాయ్, నీ లైటు బాగుంది. చాలా బాగుంది. నా చెయ్యే బాగాలేదు."

కోడలికి ముందు కలిగింది ఊరట. అత్తయ్యకి నా మీద కోపం లేదు, ఏనాడూ లేదు అని గుండెల మీది కుంపటి దిగినట్టనిపించింది. మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయింది. ఆవిడ చెయ్యి వణుకుతుంటే నేను ఊపిరి పీల్చుకుంటున్నానా అనుకుంది. గుడ్డ తెచ్చి బల్ల తుడవబోయి, గుడ్డ పక్కన పడేసి, ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎప్పట్నుంచి అమ్మా?" అన్నాడు సర్దుబాటు.

"చాన్నాళ్ళయింది. జబ్బు పేరు కూడా నాకు తెలుసు. పెద్దవాళ్ళ వార్డు మీదుగా పోతూ చూసేదాన్ని. ముందు చెయ్యి, తర్వాత నడక. ఆ తర్వాత ముఖం కూడా బిగుసుకుపోయి, నవ్వినా తెలీదు. నాకు తినిపించాల్సిన రోజు వస్తుంది. ఈలోపు మీ ఎదురుగా ఒలకబోసుకోవడం ఎందుకని లోపలికి పోయాను."

"డాక్టరు చెప్పాడా ఇదంతా?"

"తెలిసిన దానికి డాక్టరెందుకూ?"

ఇదీ సిస్టరమ్మ వైద్యం. పక్కింటి పిల్లాడు తుమ్మితే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళే మనిషి. తన విషయానికొచ్చేసరికి తానే పరీక్ష చేసి, తానే పేరు పెట్టి, తానే తీర్పు చెప్పేసుకుంది.

"రేపు పొద్దున్న వెళ్తున్నాం," అంది కోడలు.

"సర్దుకు..." అనబోయిన మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. "సరే," అన్నాడు అతను.

* * *

డాక్టరు ఒకప్పుడు సిస్టరమ్మ దగ్గరే పిల్లలకి సూది వెయ్యడం నేర్చుకున్నాడు. ఇప్పుడు బట్టతల, పెద్ద గది, బయట పెద్ద వరస. ఆవిడ లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు.

"చేతులు ఒళ్ళో పెట్టుకోండి సిస్టర్. ఊరికే వదిలెయ్యండి."

ఆవిడ వదిలేశారు. కోడలు ఊపిరి బిగబట్టి చూసింది. రెండు చేతులూ నిద్రపోయినట్టు కదలకుండా ఉన్నాయి.

"ఇప్పుడు ఈ కప్పు ఎత్తండి."

ఎత్తగానే కప్పులో నీళ్ళు గలగలలాడాయి. డాక్టరు ఆవిడ చేత కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయించాడు. మోచెయ్యి వంచి చూశాడు, చాపి చూశాడు. గది ఆ మూల నుంచి ఈ మూలకి నడిపించాడు.

"మీ అమ్మగారికి ఇలా ఉండేదా?"

"ఉండేది. ఉత్తరం రాస్తే అక్షరాలన్నీ ఈత కొడుతున్నట్టుండేవి. పెద్దతనం అనుకున్నాం."

"నడవలేకపోయారా? ముఖం బిగుసుకుపోయిందా?"

"లేదు. ఆఖరి దాకా నాలుగిళ్ళూ తిరిగి కబుర్లు చెప్పి వచ్చేది."

"అదే ఇది. మీ అమ్మగారి నుంచి వచ్చింది. మీరు అనుకున్న జబ్బు కాదు సిస్టర్. అందులో మామూలుగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. మీకు పని చేస్తుంటే వణుకుతోంది. నడకలో, కీళ్ళలో ఏ బిగుతూ లేదు. ప్రాణం తీసేది కాదు. విసిగిస్తుందంతే. మందు ఇస్తాను, కొంత తగ్గుతుంది. చెంచా కాస్త బరువైనది వాడండి."

సిస్టరమ్మ అతని వైపు అనుమానంగా చూశారు. "నా మొహం చూసి తేలిక చేసి చెప్పడం లేదు కదా?"

"మీకు అబద్ధం చెప్పి బతికానా ఎప్పుడైనా?"

"మరి ఈ ముక్క ఇంతకు ముందే ఎందుకు చెప్పలేదూ?" అని కసిరారు.

"ముందే ఎందుకు రాలేదూ?" అన్నాడు డాక్టరు.

బయటికి వచ్చాక ఆవిడ వరండాలో బెంచీ మీద కూలబడ్డారు. నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. కోడలు పక్కన కూర్చుంది. ఇద్దరిలో ఎవరు ఎవరి భుజం మీద తల పెట్టారో వరసలో ఉన్నవాళ్ళు చెప్పాల్సిందే.

"పళ్ళెం పట్టుకుని దొంగలా వంటింట్లో దూరానే అమ్మాయ్, ఎంత మందబుద్ధిని!"

"నేను మిమ్మల్ని ఎన్నేసి మాటలన్నాను అత్తయ్యా!"

"విన్నాను. గోడలు పలచన. కొన్ని మాటలు బాగానే కుదిరాయి."

* * *

ఆ రాత్రి భోజనాల బల్ల చుట్టూ ఒక్క కుర్చీ కూడా ఖాళీగా లేదు. వచ్చేదారిలో కొన్న బరువైన చెంచా సిస్టరమ్మ చేతిలో ఉంది. వణుకు పోలేదు. సూపు ఒలుకుతూనే ఉంది. ఒలికినప్పుడల్లా ఆవిడే "అదిగో, మా అమ్మ వచ్చింది," అంటున్నారు. సర్దుబాటు పగలబడి నవ్వుతున్నాడు. అంతలా నవ్వడం అతనికి వచ్చని భార్యకే తెలియదు.

"దీపం ఇంకాస్త కిందికి దించండి. నా చెయ్యి నాకు బాగా కనబడాలి. దానితో నాకింకేం గొడవ లేదు," అన్నారు సిస్టరమ్మ.

మాస్టారు వెనక్కి చెయ్యి చాపి తాడు వదులు చేశారు. వెలుతురు బల్ల మీద గుండ్రంగా పరుచుకుంది. పళ్ళేలు, వేళ్ళు, ముఖాలు అన్నీ తేటపడ్డాయి.

"ఎలా ఉంది లైటు?" అన్నారు గర్వంగా. మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపారు. చెయ్యి గ్లాసు పక్కన, ఖాళీ బల్ల మీద వాలింది. కాస్త తడుముకుని గ్లాసు అందుకుంది.

ఎవరూ పట్టించుకోలేదు, ఒక్కరు తప్ప. ఇన్ని రోజులూ ఆయనకి ఎదురుగా కూర్చోని మనిషి ఇవాళ కూర్చుంది. పైగా నర్సు. సిస్టరమ్మ చెంచా కింద పెట్టారు.

"ఏవండీ, ఆ కూజా ఇలా అందుకుని నా గ్లాసులో నీళ్ళు పొయ్యండి."

మాస్టారు పోశారు. ధార గ్లాసు అంచుకి తగిలి సగం లోపల, సగం బయట పడింది.

"పరధ్యానం," అన్నారాయన.

"ఆ గుత్తి దీపం ఉన్నప్పుడు ఏమన్నారు మీరు? ఒక్కో బల్బు చుట్టూ గుడి కట్టిందన్నారు కదూ? వంటింట్లోకి వినబడింది."

కోడలి చేతిలో రొట్టె ఆగిపోయింది. ఆ రోజు తనకి కనిపించని గుడి. కప్పీలోకి దూరని తాడు. అది కడుపుమంట కాదు. కళ్ళు. దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా!

"ఎన్నాళ్ళనుంచి మామయ్యా?" అంది మెల్లగా.

మాస్టారు లేచి నిలబడ్డారు. గోడ వైపు తిరిగి మేకు మీంచి తాడు విప్పి లాగసాగారు. దీపం లేచినకొద్దీ బల్ల మీద వెలుతురు పలచబడింది. ఆయన ముఖం ఎవరికీ సరిగ్గా కనబడకుండా పోయింది. ముఖం ఎలా దాచాలో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

కోడలు ఒక్క అంగలో వెళ్ళి ఆయన చేతికి కాస్త పైన తాడు పట్టుకుంది.

"వదులమ్మా."

"వదలను మామయ్యా."

"లైట్ల మాస్టారికి చూపు పోయిందని ఊరంతా చెప్పుకోవాలా?"

"పోయిందని ఎవరన్నారు?" అన్నారు సిస్టరమ్మ కూర్చున్న చోటినుంచే. "శుక్లాలే అయ్యుంటాయి... కాదు, నేను చెప్పను. జబ్బులకి పేర్లు పెట్టడం ఇవాళ్టితో మానేశాను. రేపు కంటి డాక్టరు చెబుతాడు. అమ్మాయ్, రేపు దుకాణంవాళ్ళు వస్తే వరండాలో పెట్టె ఇవ్వకు. కళ్ళు చూపించుకుని వచ్చాక ఆ దీపాన్ని ఈయన మళ్ళీ ఒకసారి చూడాలి. అప్పుడు కూడా నప్పలేదంటే అప్పుడు పంపిద్దాం."

"నేను ఎక్కడికీ రాను," అన్నారు మాస్టారు చీకట్లోంచి.

"సరే, లాగండి. ఇంకా పైకి లాగండి. చీకట్లో కూర్చుని తినడం ఎలాగో నన్నడగండి, చెబుతాను. ఇన్నాళ్ళూ తిని వచ్చినదాన్ని. ముద్ద ముద్దకీ భయమే తప్ప రుచి తెలీదు."

తాడు ఇద్దరి చేతుల్లోనూ బిగుసుకునే ఉంది. దీపం పైకీ పోలేదు, కిందికీ రాలేదు. సిస్టరమ్మ వణికే చేత్తోనే ఆయన గ్లాసుని బల్ల మీద ముందుకు జరిపారు. ఆయన చెయ్యి చాపితే సరిగ్గా తగిలే చోట పెట్టారు.

"సూపు చల్లారిపోతోంది," అన్నారు. "వచ్చి కూర్చోండి."